రంగు కన్నా ముందు ఉప్పు కాగితం: కొయ్య విమానం ఫినిషింగ్‌లో అసలు చిక్కు ఎక్కడుంది?

మా మేనల్లుడు నాలుగు నెలల పాటు ఆదివారాలన్నీ ధారపోసి ఒక కొయ్య విమానం కట్టాడు. రేడియో రిమోట్‌తో ఎగిరేది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 140 సెంటీమీటర్లు. పైన ఇంకా ఏ తొడుగూ లేదు, పక్కటెముకలన్నీ బయటికే కనిపిస్తున్నాయి. దాన్ని పసిబిడ్డను మోసినట్టు రెండు చేతుల మీద మోసుకొచ్చి మా వరండాలో పెట్టి, "ఇంక రంగేస్తే అయిపోయినట్టే కదా మామా?" అన్నాడు.

"ఏం రంగు?" అన్నాను.

వాడి చిక్కంతా అక్కడే ఉంది. ఇంటర్నెట్‌లో ఒకాయన టిష్యూ కాగితం అంటించి డోప్ పూయమన్నాడట. ఇంకొకాయన డోప్ పాతకాలం పద్ధతి, ప్లాస్టిక్ ఫిల్మ్ ఇస్త్రీ చెయ్యమన్నాడు. మూడో ఆయన గ్లాస్ క్లాత్ అనే సన్నటి గాజుపోగుల బట్ట పరిచి, ఆరాక గట్టిపడే ఎపాక్సీ జిగురు పట్టించమన్నాడు. మా వీధి చివర కార్లకు పెయింట్ వేసే కుర్రాడైతే పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, అద్దంలా మెరిపించి ఇస్తానన్నాడు. నలుగురిలో ఎవరిది నిజం?

నలుగురూ నిజమే చెప్పారు. కాకపోతే ఒక్కొక్కరి మనసులో ఉన్న విమానం వేరు.

డోప్ అనేది సెల్యులోజ్‌తో తయారయ్యే ఒక రకం వార్నిష్. మొదటి ప్రపంచ యుద్ధం నాటి అసలు విమానాల రెక్కలకు నారబట్ట కప్పి పూసింది ఇదే. ఆరేకొద్దీ బట్టను బిగలాగి డోలు చర్మంలా చేస్తుంది. బొమ్మ విమానాల వాళ్లు అదే పద్ధతిని టిష్యూ కాగితానికీ పట్టుకీ వాడుకున్నారు. తర్వాత మిథనాల్, నూనె, నైట్రోమీథేన్ కలిసిన ఇంధనంతో నడిచే చిన్న గ్లో ఇంజన్లు వచ్చాయి. ఆ ఇంధనం పడితే మామూలు నైట్రేట్ డోప్ కరిగిపోతుంది. అందుకని ఇంధనానికి తట్టుకునే బ్యూటిరేట్ డోప్ వాడారు. పాత పుస్తకాల్లో ఇంజన్ వెనక గదికి రెండు పూతలు ఎపాక్సీ వేయండి, ట్యాంకు గదికి ఇంకో పూత వేయండి అని అంత గట్టిగా చెప్పేది అందుకే. నూనె ఒక్కసారి కొయ్యలోకి ఇంకితే ఆ తర్వాత దాని మీద ఏ జిగురూ పట్టదు.

1960ల్లో వేడికి ముడుచుకునే పాలిస్టర్ ఫిల్మ్ వచ్చింది. వెనకవైపు జిగురుతో, ముందే రంగుతో వస్తుంది. డోప్ వాసనా, వారం రోజుల ఎదురుచూపూ తప్పాయి. ఆ తర్వాత లిథియం పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు వచ్చేసరికి నూనె సమస్యే మాయమైంది. అయినా సలహాలు మాత్రం పాతవీ కొత్తవీ కలగలిసి తిరుగుతూనే ఉన్నాయి. నూనె కోసం పుట్టిన సలహాను ఈరోజు బ్యాటరీ విమానం కట్టే పిల్లాడు కూడా పాటిస్తున్నాడు, అనవసరపు బరువు మోస్తున్నాడు.

అందుకే నేను ముందు మూడు ప్రశ్నలే అడుగుతాను. నీ విమానానికి నూనె తగులుతుందా? పైభాగమంతా పలుచటి కొయ్య రేకుతో కప్పి ఉందా, లేక పక్కటెముకల మధ్య ఖాళీలున్నాయా? ఇంకా ఎన్ని గ్రాములు ఓర్చుకుంటుంది? మా వాడిది బ్యాటరీ విమానం, రెక్క నిండా ఖాళీలే. గాలికి రంగు వేయలేం కదా! ఫిల్మే దారి. గ్లాస్ క్లాత్, ఎపాక్సీ అన్నాయన చెప్పింది అసలు విమానాలకు నకళ్లుగా, పూర్తిగా కొయ్య రేకు కప్పి కట్టే పెద్ద స్కేల్ మోడళ్ల గురించి. కార్ పెయింట్ కుర్రాడు చెప్పింది కార్ల గురించి.

బెండులాంటి కొయ్య

మా వీధిలో ఒక ఆచారి ఉన్నాడు. తలుపులు, మంచాలు చేస్తాడు. ఇలాంటి విమానాలు కట్టే తేలిక కొయ్య బాల్సా. నేను మొదటిసారి ఆ రేకులు తెప్పించినప్పుడు ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, బొటనవేలి గోరుతో నొక్కాడు. గోరు గుంట పడింది. "ఏం సామీ, ఇది కొయ్యా బెండా?" అన్నాడు. ఆయన పుట్టి పెరిగింది ఎర్రచందనం పెరిగే కొండల పక్కన. ఎర్రచందనం ఘనమీటరుకి సుమారు 1,100 కిలోలు తూగుతుంది, నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. బాల్సా సగటున 160 కిలోలు. ఈక్వెడార్ నుంచే ఎక్కువగా వస్తుంది. స్పానిష్‌లో ఆ మాటకు తెప్ప అని అర్థం. చెట్టు పదేళ్ల లోపే కోతకు వస్తుంది.

సగటు 160 అన్నాను గానీ, ఒకే కట్టలో 100 నుంచి 240 దాకా కూడా దొరుకుతుంది. మీటరు పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రేకును తీసుకుందాం. తేలికదైతే 20 గ్రాములు, బరువుదైతే 48 గ్రాములు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అదే కొలతకు ఎర్రచందనం 220 గ్రాములు తూగుతుంది. అందుకే రేకులు రాగానే వంటింటి డిజిటల్ కాటా మీద ఒక్కొక్కటీ తూచి, పెన్సిల్‌తో బరువు రాసి పెట్టుకోవాలి. తేలికవి తోకకు, మధ్యరకం పక్కటెముకలకు, బరువైనవి ముక్కు దగ్గరికి. ఈ పని కట్టేటప్పుడు చేయాల్సిందే. కానీ ఫినిషింగ్ కష్టాలు సగం ఇక్కడే మొదలవుతాయి కాబట్టి చెప్పక తప్పదు.

తోక గురించి ఎందుకంత పట్టింపు? విమానం ఒక తక్కెడ లాంటిది. బరువు కేంద్రం రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం దగ్గర ఉండాలి. మా వాడి రెక్క వెడల్పు 23 సెంటీమీటర్లు, అంటే ముందంచు నుంచి 57 నుంచి 69 మిల్లీమీటర్ల మధ్య. అక్కడి నుంచి తోక 75 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ముక్కులో బరువు పెట్టగల చోటు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంది. తోక మీద 20 గ్రాముల రంగు ఎక్కువ పడితే, దాన్ని సరిచేయడానికి ముక్కులో 60 గ్రాముల సీసం పెట్టాలి. 20 గ్రాముల ముచ్చటకు 80 గ్రాముల జరిమానా.

ఈ జరిమానా నేను కట్టాను. నా మొదటి విమానం కాగితం మీద 1,400 గ్రాములు. కార్లకు వాడే పుట్టీ పెట్టాను, ప్రైమర్ కొట్టాను, ఎనామెల్ మూడు పూతలు వేశాను. తోక మీద తిరునామంలాంటి డిజైన్ కూడా గీశాను, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ముక్కులో సీసం కూరాక తూస్తే 1,650. రెక్క వైశాల్యం 32 చదరపు డెసిమీటర్లు (ఒక్కోటీ 10 సెంటీమీటర్ల చదరం). ఒక్కో చదరపు డెసిమీటరు దాదాపు 44 గ్రాములు మోయాల్సింది 51కి పైగా మోసింది. బరువు 18 శాతం పెరిగితే, కూలిపోకుండా ఎగరడానికి కావలసిన కనీస వేగం దాదాపు 8.5 శాతం పెరుగుతుంది. అది చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది. కానీ నేలను తాకేటప్పటి శక్తి బరువుతోనూ, వేగం వర్గంతోనూ పెరుగుతుంది కాబట్టి, లెక్క వేస్తే 39 శాతం ఎక్కువ. మొదటి ల్యాండింగ్‌కే చక్రాల తీగ వంగి, దాన్ని పట్టుకున్న ప్లైవుడ్ పలక ఊడొచ్చింది. నామం మాత్రం చెక్కుచెదరలేదు.

ఉప్పు కాగితం దగ్గర తొందర వద్దు

శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లు బట్ట తేగానే కలం పట్టరు. ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. బొమ్మ బాగుండటం వెనక ఎవరికీ కనిపించని ఆ పని ఉంది. కొయ్య విమానంలోనూ అంతే. ఫిల్మ్ చాలా పలుచనిది, కింద ఉన్న ప్రతి గుంటనూ గడ్డనూ చూపిస్తుంది. ముడత అయితే వేడి చేసి పోగొట్టొచ్చు. గడ్డను ఏ వేడీ పోగొట్టదు.

మన వడ్రంగులు ఉప్పు కాగితం అనే సాండ్ పేపర్‌ను వేళ్లతో పట్టుకుని రుద్దితే బాల్సా పాడవుతుంది. వేళ్ల కింద మెత్తగా ఉన్న చోట లోతుగా, గట్టిగా ఉన్న చోట పైపైన పోతుంది. కిటికీలు చేసే దుకాణంలో అల్యూమినియం సెక్షన్ ముక్క ఒకటి అడగండి, అడుగు పొడవు చాలు. దానికి కాగితం అంటించుకుంటే వంక లేని పట్టు దొరికినట్టే. రెక్క మీద రుద్దేటప్పుడు ఆ ముక్క ఎప్పుడూ కనీసం మూడు పక్కటెముకల మీద ఆనుతూ ఉండాలి. అప్పుడే ఎత్తుగా ఉన్న ఎముక తనంతట తాను మిగతా వాటితో సమానమవుతుంది. ఆకారం తేవడానికి 120 నంబరు, తర్వాత 240, చివర్లో 400. అంతకంటే నునుపు అక్కర్లేదు.

అతుకుల దగ్గర ఇంకో చిక్కుంది. ఫెవిక్విక్ లాంటి సయనో జిగురు ఆరాక రాయిలా గట్టిపడుతుంది. పక్కనున్న కొయ్యేమో వెన్న. రుద్దితే అతుకు మీద గట్టులా మిగిలి, రెండు పక్కలా కాలవలు పడతాయి. అందుకే పైకి కనిపించే రేకులను అతికేటప్పుడు సయనో వాడను. రెండు రేకుల అంచులు కలిపి ఒకవైపు టేపు వేసి, పుస్తకంలా తెరిచి, అంచుకు కొంచెం వడ్రంగి జిగురు రాసి, మూసేసి, బయటికి ఉబికిన జిగురును తడిగుడ్డతో అప్పుడే తుడిచేస్తాను. సయనో గురించి ఇంకొక్క మాట: దాన్ని నూలుగుడ్డతో తుడవకండి. నూలు తగిలితే చురుక్కుమనే వేడి పుట్టి పొగ వస్తుంది. ఆరిన సయనో మీద ఇస్త్రీ పెట్టె పెట్టినా కళ్లు మండే ఆవిరి వస్తుంది, కిటికీలు తెరిచి పెట్టుకోండి.

గుంటలు పడ్డాయా? పుట్టీ డబ్బా తెరవకముందు ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. నొక్కుకుపోయిన కొయ్య కణాలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, పైన తడిగుడ్డ ఉంచి ఇస్త్రీ పెట్టె కొసతో తాకిస్తే చాలా గుంటలు మాయమవుతాయి. ఒక్క మిల్లీగ్రాము కూడా పెరగదు. నిజంగా కొయ్య ఊడిపోయిన చోటే తేలికపాటి ఫిల్లర్ పెట్టాలి. కార్ల పుట్టీ వద్దని నేను చెప్పక్కర్లేదు. బరువు ఒక్కటే కాదు, అది కొయ్యకన్నా ఎంతో గట్టిది, దాన్ని రుద్దేలోపు చుట్టూ ఉన్న కొయ్య అరిగిపోతుంది.

రెక్క ముందంచు గుండ్రతనం మీద మనసు పెట్టండి. గాలి రెక్కను మొదట కలిసేది అక్కడే. ఆ గుండ్రతనం ఒకవైపు మొండిగా, ఇంకోవైపు పదునుగా ఉంటే వేగం తగ్గినప్పుడు ఒక రెక్క ముందు పడిపోతుంది. అట్టముక్కను కావలసిన ఆకారంలో కత్తిరించి, రెక్క పొడవునా ఆనించి చూసుకుంటూ రుద్దితే తేడా తెలిసిపోతుంది. వెనకంచు 2, 3 మిల్లీమీటర్ల మందానికి రావాలి. కత్తిలా చేస్తే మొదటిరోజే విరుగుతుంది.

తోక పలకలు, కదిలే రెక్కముక్కల కీళ్లకు గాట్లు కూడా ఇప్పుడే పెట్టుకోవాలి. ఫిల్మ్ వేశాక గాటు పెడితే చోటు తప్పుతుంది.

ఇక పరీక్ష. రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చి లైటును రెక్క పక్కనే ఆనించినట్టు పెట్టి ఏటవాలుగా వెలుగు పడేలా చూడండి. పగలు చేతికి కూడా తగలని గట్లు పొడుగు నీడలై కనిపిస్తాయి. మొదటిసారి ఇలా చూసినప్పుడు మా వాడు కాసేపు మాట్లాడలేదు. మళ్లీ రెండు ఆదివారాలు ఉప్పు కాగితమే.

వంకర కూడా చూసుకోవాలి. ఈ పనికి చిత్తూరు వైపు ఒక సౌకర్యం ఉంది, గ్రానైట్‌కి కొదవలేదు. వంటింటి గట్టుకు కోయగా మిగిలిన పాలిష్ ముక్క దుకాణంలో అడిగితే దొరుకుతుంది. ఇంట్లో అంతకంటే చదునైన వస్తువు ఉండదు. తోక పలకను దాని మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కితే, ఆడుతుందో ఆడదో ఇట్టే తెలుస్తుంది.

చివరికి దుమ్ము. ఫిల్మ్ ఊడిపోతోంది, జిగురు మంచిది కాదు అనేవాళ్లలో చాలామంది కొయ్యకు కాదు, కొయ్య పొడికి ఫిల్మ్ అంటించారు. ముందు బ్రష్, తర్వాత వాక్యూమ్ క్లీనర్, ఆపై జిగట గుడ్డ. రుద్దుతున్నంతసేపూ మాస్క్ ఉండాలి, బాల్సా పొడి మహా సన్నం.

ఇస్త్రీ

ఫిల్మ్ అంటే అలంకారం అనుకుంటారు. ఖాళీలున్న రెక్కను ఫిల్మ్ వేయకముందు రెండు కొసలూ పట్టుకుని మెల్లగా మెలిపెట్టి చూడండి, తడిగుడ్డలా మెలిక పడుతుంది. వేశాక అదే రెక్క గట్టిగా ఎదురు తిరుగుతుంది. పైనా కిందా బిగుసుకున్న ఆ పొర రెక్కకు సగం బలం. బరువు చూస్తే మామూలు ఫిల్మ్ చదరపు మీటరుకి సుమారు 60 గ్రాములు. మా వాడి విమానం మొత్తానికి 1.2 చదరపు మీటర్లు పట్టింది, అంటే దాదాపు 72 గ్రాములు. నా ఎనామెల్, పుట్టీ, సీసం కలిపి 250 అయ్యాయని గుర్తుందిగా.

వేడి విషయంలో రెండు మెట్లున్నాయి. అంటుకోవడానికి ఒకటి, ముడుచుకోవడానికి అంతకంటే ఎక్కువ ఇంకొకటి. చాలా ఫిల్ములు 100 డిగ్రీల ప్రాంతంలో అంటుకుని, 130 దాటాక బాగా ముడుచుకుంటాయి. కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ కావాలి. ఫిల్మ్ చుట్ట మీద రాసిన అంకెలనే నమ్మండి. ఇంట్లో ఇస్త్రీ పెట్టె మీద నూలు, పట్టు అని ఉంటుంది గానీ డిగ్రీలు ఉండవు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలుద్దామని మా వాడు తెచ్చాడు. తళతళలాడే లోహం మీద అది నిజం కన్నా తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి పెంచితే ఫిల్మ్ కాలుతుంది. పనికిరాని కొయ్యముక్క మీద ఫిల్మ్ ముక్క అంటించి చూసుకోవడమే మేలు. గీతలు పడకుండా పెట్టె అడుగుకు పాత బనియన్ గుడ్డ కట్టుకోవాలి. ఈ పనికే అమ్మే చిన్న ఇస్త్రీ పెట్టె కొంటే సుఖం, డబ్బు వృథా కాదు.

ముక్కను నాలుగు పక్కలా మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించాలి. వెనక ఉన్న పారదర్శక పొర ఊడదీయడం కొత్తవాళ్లకు నరకం. మూలలో రెండువైపులా చెరో టేపుముక్క అంటించి చటుక్కున లాగితే విడిపోతుంది. ముందు అంచులే అంటించాలి. రెక్క మొదట్లో ఒక చోట, కొసన ఒక చోట, తర్వాత ముందంచు మధ్య, వెనకంచు మధ్య, ఇలా ఎదురెదురుగా, మెల్లగా లాగుతూ. నవారు మంచం అల్లినవాళ్లకు ఈ బిగువు లెక్క చెప్పక్కర్లేదు. చుట్టూ అతికి, అంచు మడిచి, మూసుకుపోయాకే మధ్యలో వేడి.

ఏ ముక్క ముందు? పెంకుటింటికి పెంకులు కింది వరస నుంచి ఎందుకు వేస్తారో గుర్తు తెచ్చుకోండి. పైది కిందిదాని మీదికి వస్తేనే వాన లోపలికి దిగదు. విమానంలో వానకు బదులు గాలి, అది ముక్కు నుంచి తోకకు పారుతుంది. కాబట్టి తోక వైపు ముక్క ముందు, ముక్కు వైపు ముక్క దాని మీదికి. అలాగే అడుగు ముందు, పైభాగం తర్వాత. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి 5 మిల్లీమీటర్లు ఎక్కితే చాలు. లేతరంగు కింద, ముదురు రంగు పైన ఉండాలి. తిప్పి వేస్తే కిందిది మసకగా తొంగిచూస్తుంది.

పక్కటెముకలు గదులను పూర్తిగా మూసేస్తే లోపలి గాలి వేడికి వ్యాకోచించి ఫిల్మ్‌ను బెలూన్‌లా ఉబ్బిస్తుంది. ప్రతి ఎముకకూ సన్నని చిల్లు పెట్టి, గాలి ఎక్కడో ఒకచోట బయటికి పోయేలా దారి వదలాలి. ఇది కట్టేటప్పుడే చేయాలి. మరిచిపోయినవాళ్లకు గుండుసూది ఉంది.

బిగించే పని ఒక్కవైపే పూర్తిచేయకూడదు. పైన కొంచెం, కింద కొంచెం. లేకపోతే ముందు బిగిసిన వైపుకి రెక్క వంగిపోతుంది. ఈ గుణాన్నే మనకు అనుకూలంగా కూడా వాడుకోవచ్చు. రెక్క కొస దగ్గర వెనకంచును కాస్త పైకి మెలిపెట్టి, అలాగే పట్టుకుని రెండువైపులా వేడిచేసి, చల్లారేదాకా వదలకుండా ఉంటే ఆ మెలిక నిలిచిపోతుంది. రెండు డిగ్రీలు చాలు. 23 సెంటీమీటర్ల వెడల్పుకు అది 8 మిల్లీమీటర్ల ఎత్తు. దీనివల్ల వేగం తగ్గినప్పుడు రెక్క మొదలు ముందు పట్టు తప్పుతుంది, కొసలు ఇంకాసేపు నిలబడతాయి, విమానం ఒక పక్కకు దొర్లిపోదు. రెండు రెక్కలకూ ఒకేలా ఉండటం ముఖ్యం. ఇద్దరు మనుషుల పని ఇది. మా అక్క వచ్చి పట్టుకుంది, "బొమ్మకింత సేవా!" అని గొణుగుతూనే.

కాలం గురించి కూడా చెప్పాలి. తిరుపతిలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ గాలిలో వరండాలో పెట్టిన బాల్సా తేమ పీల్చి ఉబ్బుతుంది. అప్పుడు ఫిల్మ్ వేస్తే బిగువుగానే కనిపిస్తుంది. మార్చిలో కొయ్య ఎండి కుంచించుకుపోగానే ముడతలు తేలతాయి. పైగా తేమ ఉన్న కొయ్య రేకు మీద ఇస్త్రీ చేస్తే ఆవిరి బుడగలు లేస్తాయి. అందుకే ఈ పని నేను జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకుంటాను. మేలో ఎండ 40 దాటిన రోజు నల్లటి ఫిల్మ్ వేసిన విమానాన్ని అద్దాలు మూసిన కారులో వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ముడతలు పడ్డాయని భయపడక్కర్లేదు, ఇంటికొచ్చి మళ్లీ ఇస్త్రీ చేస్తే చాలావరకు పోతాయి.

రంగే కావాలనే వాళ్లకు ఒక దారుంది. ముక్కు తొడుగు, పూర్తిగా కొయ్య రేకు కప్పిన చిన్న భాగాలు ఇలా చేయొచ్చు. వడ్రంగి సామాన్ల దుకాణంలో దొరికే ఎన్‌సీ శాండింగ్ సీలర్ తెచ్చి, సమానంగా థిన్నర్ కలిపి పలుచగా పూయాలి. ఇదీ సెల్యులోజ్ నైట్రేట్ జాతిదే, డోప్‌కి వరసకు తమ్ముడు. మొదటి పూతకు కొయ్య నూగు లేస్తుంది, 400 కాగితంతో రుద్దాలి. రెండో పూతలో కాస్త టాల్కం పౌడర్ కలిపితే కొయ్య రంధ్రాలు నిండుతాయి. ఆరాక దాన్ని దాదాపు మొత్తం రుద్దేయాలి, రంధ్రాల్లో మిగిలిందే మనకు కావాల్సింది. పైన రంగు ఒకే ఒక్క పలుచటి పూత. వాన రోజు ఈ పని పెట్టుకుంటే పూత పాలిపోయినట్టు తెల్లబడుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలో తేమ దాని మీద చేరడం వల్ల అలా జరుగుతుంది. ఈ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. దేవుడి దీపం వెలుగుతున్న గదిలో డబ్బా మూత కూడా తీయకండి.

ఏ రంగు అన్నదానికి అందం రెండో లెక్కే. 100 మీటర్ల దూరంలో విమానం మనవైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నది తెలియకపోతే ఎంత మంచి ఫినిషింగైనా పొలంలో ఏరుకోవాల్సిందే. మన వైపు వెనక శేషాచలం కొండలుంటాయి. ఆకుపచ్చ, గోధుమ రంగులు వాటిలో కలిసిపోతాయి. తెలుపు, వెండి మబ్బులో కలిసిపోతాయి. మా వాడు పైన పసుపు పచ్చ, కింద తెలుపు మీద అడ్డంగా మందపాటి నల్ల పట్టీలు వేశాడు. పైది ఏదో కిందిది ఏదో రెప్పపాటులో తెలుస్తుంది.

ఎగరేసే చోటు గురించి కూడా ముందే చూసుకోవాలి. 2021 డ్రోన్ రూల్స్ రిమోట్ మోడల్ విమానాలనూ లెక్కలోకి తీసుకుంటాయి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే అనుమతి కావాలి, ఇంకా దగ్గరైతే ఆంక్షలు ఇంకా ఎక్కువ. రేణిగుంట విమానాశ్రయం ఎంత దూరమో, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకుని బయల్దేరండి. తిరుమల వైపు సంగతి అడగనే అక్కర్లేదు, అక్కడ డ్రోన్లకు నిషేధం ఉంది. మేము ఎండాకాలంలో చంద్రగిరి అవతల ఎండిన చెరువులోకి వెళ్తాం.

పోయిన నెల వాడి విమానం పూర్తయింది. బ్యాటరీతో సహా కాటా మీద పెడితే 1,310 గ్రాములు. బరువు కేంద్రం ముందంచు నుంచి 62 మిల్లీమీటర్ల దగ్గర, ముక్కులో ఒక్క గ్రాము సీసం లేకుండా, బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపితేనే సరిపోయింది. వాడు జేబులోంచి తన పేరు రాయించుకున్న స్టిక్కర్ తీశాడు, తోక మీద నిలువు పలకకు సరిగ్గా సరిపోయే సైజు.

"కాటా మీద పెట్టు" అన్నాను.

నాలుగు గ్రాములు. వాడు కాసేపు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"ముక్కు మీద అంటిస్తా మామా."